కడాయి గడిలో రాసినవి

జూన్ 3, సోమవారం

ఇది రాయకూడదనే అనుకున్నాను. కూర్చుని, పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టేసి, లేచి వెళ్ళి గేటు బందులకు నూనె వేసి వచ్చాను. గేటు కిర్రుమనడం మానింది గానీ నా బుర్ర మానలేదు. మా ఆవిడతో చెబుదామా అంటే అరగంటలో కోడలి చెవిన పడుతుంది. కోడలితోనే చెబుదామంటే అనుమానమే ఆమె మీద. మిగిలింది ఈ నోటుబుక్కు. దీనికి నోరు లేదు. మా ఇంట్లో అలాంటిది ఇదొక్కటే.

విషయం ఒక అంకె. ఆరున్నర.

కప్పుల మీద నీళ్ళు దిగకుండా పరిచే తారు షీట్లు చేస్తాం మా ఫ్యాక్టరీలో. నేను పందొమ్మిదేళ్ళుగా అక్కడ కాటా మనిషిని. కోడలు నాలుగేళ్ళుగా అక్కడే నాణ్యత చూస్తుంది. ఇంట్లో నేను ఆమెకు మామగారిని, ఫ్యాక్టరీలో ఆమె నాకంటే మూడు మెట్లు పైన. దారిలో ఎవరు పెద్దో ఇప్పటికీ తేలలేదు. స్కూటర్ ఆమె నడుపుతుంది, నేను వెనక కూర్చుని ఉత్త కాలితో గాలిలో బ్రేకు వేస్తుంటాను.

ఇప్పుడామె ఒక కాగితం తయారు చేస్తోంది. పర్యావరణ ప్రకటన అని దాని పేరు. మందుసీసా మీద ఏమేం కలిపారో రాసినట్టు, ఒక చదరపు మీటరు షీటు చెయ్యడానికి ఎంత తారు పట్టింది, ఎంత నూనె కాల్చాం, ఎంత పొగ వదిలాం, ఎంత పారేశాం, ఎంత మళ్ళీ కరిగించి వాడుకున్నాం, అన్నీ రాయాలి. బయటి నుంచి ఒక మేడమ్ వచ్చి తనిఖీ చేస్తుంది. ఈ కాగితం ఉంటేనే కొత్తగా కడుతున్న పెద్దాసుపత్రి కప్పుకు మా షీట్లు తీసుకుంటారు. అందులోనూ మళ్ళీ కరిగించిన సరుకు వందకు ఐదుకు తగ్గితే వద్దంటారు. కింద సంతకం కోడలిది. అబద్ధమని ఎప్పుడు తేలినా ఆ సంతకం ఇంకెక్కడా చెల్లదు, ఉద్యోగం సరేసరి. ఇదంతా మొన్న అన్నం తింటూ తనే చెప్పింది. చెబుతూ ఒకసారి నా వైపు చూసింది. కూర కావాలేమో అనుకుని గిన్నె జరిపాను.

నిన్న ఆ కాగితం చిత్తుప్రతి బల్ల మీద ఉంటే చదివాను. ఒకరి కాగితం చదవడం తప్పే. కానీ నాలుగేళ్ళు మాత్రమే బడికి పోయినవాణ్ణి, మిగతా చదువంతా పొట్లాల కాగితాల మీద చదువుకున్నవాణ్ణి, ఎదురుగా అక్షరం ఉంటే కన్ను ఆగదు. పొట్లాల చదువుతో ఒకటే చిక్కు. వెయ్యి కథల మధ్యభాగాలు తెలుసు, ఒక్కదానికీ ముగింపు తెలీదు.

అందులో ఇలా ఉంది: తిరిగి కరిగించి వాడినది, 6.5 శాతం.

మా కడాయి అంత తినదు.

జూన్ 4

కడాయి మనిషిని అడిగాను. తారు కరిగించే కడాయి దగ్గర పదిహేనేళ్ళుగా ఉన్నాడు. కనుబొమలు ఎప్పుడో కాలిపోయాయి, అందుకని ఏం చెప్పినా నిజం చెబుతున్నట్టే ఉంటాడు.

"నీ కడాయి వందకి ఎంత పాత సరుకు తింటుందిరా?"

"మూడు. ఆకలి మీదుంటే నాలుగు."

"ఆరున్నర?"

"గడ్డ కట్టేస్తుంది అన్నా. షీటు నిండా బొబ్బలే. అయినా ఇంటిల్లిపాదికీ ఇదే సందేహమా ఏంటి? పోయిన వారం మీ కోడలూ ఇదే అడిగింది. రోజూ కడాయిలో ఏమేసింది రాసే నా చీటీలన్నీ ఫోటోలు తీసుకుపోయింది."

"నాతో అనలేదే."

"నీకు చెప్పొద్దంది."

"మరి చెప్పేశావేం?"

"నువ్వు అడిగావుగా."

అంటే ఆమెకు నాలుగని తెలుసు. తెలిసి ఆరున్నర రాసింది. తెలియక చేసినదాన్ని పొరపాటంటారు. తెలిసి చేసినదానికి వేరే పేరుంది, ఇంటి మనిషి కాబట్టి రాయను.

జూన్ 5

నేను గదిలోకి రాగానే ల్యాప్‌టాప్ మూసింది. గబుక్కున మూస్తే కంగారనుకోవచ్చు. నెమ్మదిగా మూసింది.

జూన్ 7, శుక్రవారం

టీ తాగి వచ్చేసరికి కాటా షెడ్డులో నా రిజిస్టర్లు వరుస తప్పి ఉన్నాయి. పోయినేడాదిది పైకొచ్చింది. నేనెప్పుడూ వీపులు గోడకు పెట్టి పేరుస్తాను, ఇప్పుడు ఒకటి నన్నే చూస్తోంది.

కాటా గురించి ఒక మాట. కాటా అబద్ధమాడదంటారు. నేను చూసిన మొదటి అబద్ధం కాటాదే. చేరిన కొత్తలో నెల రోజుల పాటు ప్రతి షీటు రోల్‌కీ మూడు వందల గ్రాములు ఎక్కువ చూపించింది. పళ్ళెం ఎత్తి చూస్తే కింద పావురం గూడు, రెండు గుడ్లు. పాపం అవి పిల్లలై ఎగిరిపోయేదాకా రాసినదాంట్లోంచి మూడు వందలు తీసేస్తూ వచ్చాను. అప్పటి స్టోరు గుమాస్తా చూసి, "నువ్వు కాటా మనిషివి కాదయ్యా, మంత్రసానివి" అన్నాడు. నా లెక్క అంత పక్కా అని చెప్పడానికి రాశాను ఇది.

రిజిస్టర్‌లో పాడైన సరుకుకు రెండే గడులు. ఒకటి కడాయి, రెండోది బయటికి. బయటికి అని రాస్తే గేటు చీటీ కావాలి, దానికి మూడు సంతకాలు, ఆ మూడు సంతకాల వాళ్ళు ఒకే రోజు ఫ్యాక్టరీలో ఉండగా నేను చూడలేదు. అందుకని పాడు రోల్ ఏదొచ్చినా కడాయి గడిలోనే రాస్తాను. అది రాసే పద్ధతి. నాకు ముందున్నవాడూ అంతే. పద్ధతి వేరు, రోల్ వేరు.

ఇంతకీ ఆమెకు నా రిజిస్టర్లతో ఏం పని?

జూన్ 9, ఆదివారం

కోడలు పొద్దున్నే మా డాబా ఎక్కింది. ఫోను పట్టుకుని అంచుల వెంబడి నడిచింది, వంగి షీటు అతుకులు చూసింది. తర్వాత పిట్టగోడ మీద నుంచి పక్కింటి కప్పు, అవతలింటి కప్పు ఫోటోలు తీసింది.

"ఏం చూస్తున్నావమ్మా?" అన్నాను కింది నుంచి.

"నీళ్ళ ట్యాంకు మామయ్యా."

మా నీళ్ళ ట్యాంకు రెండేళ్ళుగా కిందే ఉంది. నేను దాని పక్కనే నిలబడి అడిగాను.

మా ఆవిడ వంటగదిలోంచి వచ్చి, "ఆ పిల్ల వెనక ఎందుకు పడుతున్నారు వారం నుంచీ? గోడచాటు, తలుపుచాటు. పెళ్ళిచూపులప్పుడు కూడా నన్నింత చూళ్ళేదు" అంది.

"నీకు తెలీదులే."

"తెలీకపోవడానికేం, మొహం మీదే ఉంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే..."

భుజాలు తడుముకోలేదు. వీపు దురద పెట్టింది, అది వేరు.

జూన్ 10

మావాడు లారీ మీద వారానికొక ఊళ్ళో ఉంటాడు. ఫోన్ చేశాను. "మీ ఆవిడ ఏదో దాస్తోంది" అన్నాను. ఆగి ఆగి, "నాన్నా, తను కూడా నీ గురించి అదే అంది. మీరిద్దరూ ఒకే స్కూటర్ మీద పోతారు కదా, దార్లో మాట్లాడుకోండి" అన్నాడు.

నా గురించి ఏం అంది? నేనేం దాచాను?

మధ్యాహ్నం పెద్దాయన, అంటే మా యజమాని, ఆమెను పిలిచి తన ఎదురుగా కుర్చీ వేయించాడు. ఆయన ఎదురుగా కుర్చీ పడడం ఈ పందొమ్మిదేళ్ళలో మూడుసార్లు చూశాను. రెండుసార్లు బ్యాంకువాళ్ళకి. అద్దంలోంచి చూశాను. ఆయన నవ్వుతున్నాడు. ఆమె నవ్వడం లేదు గానీ, తలూపింది.

తేలిపోయింది. ఆసుపత్రి కప్పు కోసం ఆయన అడిగాడు, ఆమె రాసింది.

ఆలోచించాను. ఇంటి గుట్టు బయట పెట్టడం మంచిది కాదు. కానీ అయిదేళ్ళ తర్వాత తేలితే ఆమె బతుకు బజారున పడుతుంది. ఇప్పుడు నేనే ఆపితే మందలింపుతో పోతుంది. మామగారిగా నా బాధ్యత. బుధవారం తనిఖీ మేడమ్ వస్తోంది.

నాకు కోపమేమీ లేదు. రాస్తున్నాను కాబట్టి చెప్పాలి, కొంచెం హుషారుగా కూడా ఉంది.

జూన్ 12, బుధవారం

జరిగింది వరసగా రాస్తాను.

మధ్యాహ్నం కోడలు అన్నానికి వెళ్ళిన సమయం చూసి, పోయినేడాది రిజిస్టర్లు నాలుగూ గోనెసంచిలో వేసుకుని సమావేశం గదికి వెళ్ళాను. తనిఖీ మేడమ్‌కు నలభై ఏళ్ళుంటాయి. బల్ల మీద ఒక అరటిపండు, ఒక కాలిక్యులేటర్, మా ఫ్యాక్టరీ బతుకంతా కాగితాల కట్టలుగా.

"అమ్మా, నేను కాటా మనిషిని. మీ ప్రకటన రాసినామె నా కోడలు. అయినా చెప్పాలి. ఆ ఆరున్నర నిజం కాదు."

ఆమె పండు పక్కన పెట్టింది. "ఎలా తెలుసు?"

"కడాయి నాలుగుకి మించి తినదు. ఎవరినైనా అడగండి. ఇవిగో నా రిజిస్టర్లు. ప్రతి కిలో నా చేత్తో రాసింది. ఇందులో ఆరున్నర ఎక్కడుందో ఆమెనే చూపించమనండి."

"కూర్చోండి బాబాయ్" అంది. కూర్చున్నాను. ఆమె చాలాసేపు పేజీలు తిప్పింది, మీటలు నొక్కింది. అంకె మీద వేలు పెడుతూ పోవడం చూస్తుంటే నాకు ముచ్చటేసింది. లెక్క అంటే అలా చెయ్యాలి.

"షీట్ల అంచులు కోసిన ముక్కలు, కడాయి గడి, నాలుగు శాతం" అంది. "పాడైన రోల్స్, అదే కడాయి గడి, రెండు వందల తొంభై రోల్స్. ఇవి రెండున్నర. మొత్తం ఆరున్నర."

రిజిస్టర్ నా వైపు తిప్పుకుని చూశాను, నా చేతిరాతే.

"ఆ అంకె మీ కోడలు కల్పించింది కాదు బాబాయ్. మీదే. ఈ రిజిస్టర్‌లోంచే తీసుకుంది. కాపీలు నా దగ్గర ముందే ఉన్నాయి."

గది బయట ఎవరో బకెట్ ఈడ్చుకుపోతున్నారు. ఆ చప్పుడు గుర్తుంది.

"కడాయి మనిషి చీటీల్లో పాత సరుకు నాలుగే కనిపిస్తోంది. మీ పుస్తకంలో ఆరున్నర. రెండింట్లో ఒకటి తప్పు. ఈ రెండు వందల తొంభై రోల్స్ కడాయిలోకే వెళ్ళాయా?"

"రాసి ఉంది కదమ్మా."

"రాసింది చూశాను. వెళ్ళాయా అని అడుగుతున్నాను."

"చూసి చెబుతాను" అన్నాను. పందొమ్మిదేళ్ళుగా నేను రాసినదాన్ని నేనే చూసి చెప్పాలట.

"శుక్రవారం మీ కోడలు సంతకం చేస్తుంది. ఆలోపు చెప్పండి" అంది. నేను గుమ్మం దాటేదాకా పండు ముట్టుకోలేదు.

తలుపు తీస్తే ఎదురుగా కోడలు. అన్నం తినకుండానే తిరిగొచ్చినట్టుంది. నా చేతిలో గోనెసంచి చూసింది. "బరువా మామయ్యా, ఇటివ్వండి" అంది. ఇచ్చేశాను.

జూన్ 12, అదే రోజు

రాసి ఉంది అన్నాను. అది అబద్ధం కాదు. రాసే ఉంది.

జూన్ 13, గురువారం

ఇవాళ ఫ్యాక్టరీకి పోలేదు. తల తిరుగుతోందన్నాను. మా ఆవిడ కషాయం పెట్టలేదు, కాబట్టి నమ్మలేదు.

మొదటి రోల్ కడాయి మనిషికి ఇచ్చాను. వాడికి కూతురు పుట్టిన ఏడు. ఉయ్యాల మీద కప్పు కారుతుంటే గిన్నె పట్టుకుని వంతులవారీగా కూర్చునేవాళ్ళు మొగుడూ పెళ్ళాం. అంచు వంకర పోయిన రోల్ ఒకటుంది. పెద్దాయన్ని అడిగితే, "పనికిరానిదైతే అడిగినవాళ్ళకి ఇచ్చెయ్. నా దాకా తేకు" అన్నాడు. ఇచ్చాను. ఏ గడిలో రాయాలో అడగలేదు, ఆయన చెప్పలేదు. కడాయి అని రాశాను. ఆ వానాకాలం ఆ ఇంట్లో గిన్నెలన్నీ వంటకే వాడుకున్నారు.

తర్వాత ప్యాకింగ్ ఆవిడ. తర్వాత వాచ్‌మన్. తర్వాత మేము. తర్వాత వాళ్ళ వియ్యాలవారు, వియ్యాలవారి పక్కిళ్ళు, ఒక కోళ్ళ గూడు, ఒక చిన్న బడి. పోయినేడాది వానలు ఎక్కువ. రెండు వందల తొంభై. ఒక్క రోల్‌కి కూడా నేను ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోలేదు. టీ తాగాను. అదీ వాళ్ళు పెడితేనే.

నేను దొంగను కాను. ఇది మూడుసార్లు రాసి రెండుసార్లు కొట్టేశాను.

సాయంత్రం కోడలు వచ్చి వాకిట్లో నా పక్కన మెట్టు మీద కూర్చుంది. హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుంది.

"మేడమ్‌కి నా మీద చెప్పారంట."

"నీ మంచికే అనుకున్నాను."

"తెలుసు."

"నాలుగని తెలిసి ఆరున్నర ఎందుకు రాశావమ్మా?"

"రాతలో ఉన్నది రాయాలి మామయ్యా, అదే రూలు. అది తప్పు అనాలంటే ఎందుకు తప్పో రాయాలి. ఎందుకో రాయాలంటే ఎవరు రాశారో రాయాలి." హెల్మెట్ పట్టీ ఒకసారి బిగించి ఒకసారి వదులు చేసింది. "అందుకే చీటీలు చూశా. కప్పులు చూశా. ఎక్కడైనా నా లెక్కే తప్పయితే బావుండునని చూశా. మన కప్పు మీద ఏడు రోల్స్ ఉన్నాయి, మన ఫ్యాక్టరీ ముద్రతో సహా."

"పెద్దాయన ఏమన్నాడు?"

"రిజిస్టర్ ఎలా ఉంటే అలా సంతకం పెట్టమన్నారు. సరేనన్నా."

"సరేనన్నావా?"

"మరేమనాలి? మా మామగారు ఇన్నేళ్ళూ తప్పు రాశారనాలా?"

"నన్ను అడగొచ్చు కదా."

"అడుగుదామనే. మీరు నన్ను చూసినప్పుడల్లా తలుపు వెనక ఉంటున్నారు."

మా ఆవిడ లోపలి నుంచి, "చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికారన్నమాట" అంది. గట్టిగానే అంది. ఎవరం నవ్వలేదు. కాసేపటికి కోడలికి నవ్వొచ్చింది, ఆపుకుంది. నేను చూడనట్టు ఊరుకున్నాను.

"నేను రేపు పెట్టేస్తాను మామయ్యా సంతకం. మీరేం చెప్పక్కర్లేదు. ఎవరూ కప్పులెక్కి చూడరు."

"నువ్వెక్కి చూశావుగా" అన్నాను.

జూన్ 14, శుక్రవారం

చెప్పాను.

గదిలో తనిఖీ మేడమ్, పెద్దాయన, కోడలు. నేను నిలబడే చెప్పాను. ఆ రోల్స్ కడాయికి పోలేదు, కప్పుల మీదికి పోయాయి, కడాయి అని రాసింది నేను, ఆమెకు ఇందులో ఏ సంబంధమూ లేదు. ఇంటి దగ్గర్నుంచీ వల్లె వేసుకుంటూ వచ్చిన మాటలు. మధ్యలో ఒకటి మర్చిపోయి వేరేది చెప్పాను, పావురం సంగతి. ఎందుకు వచ్చిందో తెలీదు. మేడమ్ అది కూడా విన్నది.

"ఎన్ని ఇళ్ళు?" అంది.

"పోయినేడాదివి నలభై ఒకటి. సార్ కారు షెడ్డుతో కలిపి."

పెద్దాయన కిటికీ వైపు చూశాడు. కారు షెడ్డు అటే ఉంది.

"పారేయలేదు కాబట్టి చెత్త కాదు" అంది మేడమ్, రాసుకుంటూ. "కరిగించలేదు కాబట్టి కడాయిదీ కాదు. ఉన్నదున్నట్టు వాడుకున్నారు. దానికి వేరే గడి ఉంటుంది బాబాయ్. అదేం తప్పు గడి కాదు. కానీ ఆసుపత్రివాళ్ళు అడిగే ఐదులో కలవదు."

"ఆ గడి నాకెవరూ గీసివ్వలేదమ్మా" అన్నాను.

పెద్దాయన, "ఈయనకి వయసు మీద పడింది మేడమ్, మతిమరుపు..." అంటుంటే కోడలు అడ్డొచ్చింది. "ఆయనకి పావురం బరువు కూడా గుర్తుంది సార్."

చిత్తుప్రతిలో ఆరున్నర కొట్టేసి నాలుగు వేసింది. పక్కన చిన్న అక్షరాలతో కారణం రాసింది. కాటా నిర్వాహకుడు తెలిపిన ప్రకారం అని. పేరు రాయలేదు. సంతకం పెట్టింది. ఆమె సంతకం నేను ఎప్పుడూ సరిగా చూడలేదు. చివర ఒక గీత కిందికి లాగుతుంది, నిచ్చెన దింపినట్టు.

జూన్ 15

స్కూటర్ మీద ఏం మాట్లాడుకోలేదు. హెల్మెట్లు ఉన్నాయి కదా. బ్రేకు మాత్రం రెండుసార్లే వేశాను.

జూన్ 20, గురువారం

ఆసుపత్రివాళ్ళు వేరే కంపెనీ షీట్లు తీసుకున్నారు. వాళ్ళ కాగితంలో ఏడు ఉందట. ఉంటుంది. వాళ్ళ కాటా మనిషి ఎవరో నాకు తెలీదు. తెలుసుకోవాలని మాత్రం ఉంది.

కోడలి ఉద్యోగానికి ఢోకా లేదు. తప్పును వాళ్ళే బయటపెట్టి సరిచేసుకున్నారని తనిఖీ మేడమ్ రాసి వెళ్ళిందట, ఆ ముక్క చూపించి పెద్దాయన చిన్న చిన్న ఆర్డర్లకు తిరుగుతున్నాడు. ఆమెకు మళ్ళీ కుర్చీ వేయలేదు. నన్ను నెలాఖరుదాకా ఉండమన్నాడు.

నోటీసు అంటించారు. ఇకమీదట పాడు రోల్ ఏదీ చీటీ లేకుండా గేటు దాటకూడదు. కడాయి తినగలిగింది కడాయికి, మిగతాది కోసి వెనక గుట్టలోకి. రిజిస్టర్‌లో మూడో గడి వచ్చింది, గుట్ట అని. నేనే స్కేలు పెట్టి గీశాను.

కడాయి మనిషి నాతో మాట్లాడుతున్నాడు. ప్యాకింగ్ ఆవిడ మాట్లాడడం లేదు. వాళ్ళ చెల్లెలి కప్పుకు ఈ నెల మాట ఇచ్చి ఉన్నాను.

మేడమ్ చెప్పిన ఆ వేరే గడి ఈ రిజిస్టర్‌లో ఎందుకు పెట్టలేదని కోడలిని అడిగాను. "అడిగా మామయ్యా. మూడు సంతకాలుంటే పెట్టొచ్చన్నారు" అంది.

జూన్ 26, బుధవారం

పొద్దున్నుంచీ వాన. పదకొండింటికి వెనక వీధి దర్జీ గేటు దగ్గరికొచ్చి నన్ను పిలిపించాడు. కుట్టుమిషను మీదే కారుతోందట, ఒక్క రోల్ అయితే చాలన్నాడు. ఇవ్వడం లేదని చెప్పాను. ఎందుకని అడిగాడు. నోటీసు చూపించాను. చదివాడు. కాసేపు గేటు చూరు కింద నిలబడి, వాన తగ్గకపోయేసరికి భుజం మీద తువ్వాలు తల మీద కప్పుకుని వెళ్ళాడు. కాటా మీద అంచు వంకర రోల్ ఒకటుంది. ముప్పై తొమ్మిది కిలోలు. గుట్ట అని రాసి పంపించాను.